ఒడ్డు మీద నారు

ఇచ్చోడ,
ఎండకాలం ఆఖరు, 1959

ప్రియమైన దోస్తు అంతయ్యకు,

సలాం. బుచ్చవ్వ వదినెకు గూడ సలాం చెప్పు. నీ కార్డు అందింది. "మేము బాగ. మీరు బాగనా. ఆవు ఈనింది." గంతే రాసినవు. మిగిలిన జాగంత ఉత్తగనే వచ్చింది. చిన్నప్పుడు బడిల పంతులు అడిగితె గూడ గట్లనే నిలవడుదువు, నీ జవాబులు గూడ నేనే చెప్పి దెబ్బలు తింటుంటి.

ఇగ నా ముచ్చట. గాజుల మలారం భుజం మీద ఏసుకోని ఊరూరు తిరిగే కాళ్లు ఇగ లెవ్వు. "సాలు అబ్బా, ఇంట్ల కూసో" అంటది నా బిడ్డ షాహిదా. అల్లుని ఇంట్ల ఉత్తగ కూసుంటె నాకు బుక్క దిగది. అందుకే ఒక పని చేసిన. నవ్వకు. పొలం పట్టిన.

ఇచ్చోడకు జర దూరంల ఒర్రె పక్కన అంబదాస్ పాటిల్ భూమి పడావు పడి ఉన్నది. మూడు ఇండ్లోల్లం కలిసి కౌలుకు అడిగినం. నేను, గోండు జంగు, మరాఠీ గంగుబాయి. జంగుకు అడివి దిక్కు ఉన్న చెల్క పోయింది. గంగుబాయికి మొగడు లేడు, ఇద్దరు పిల్లలు. వాళ్లు గుడిసెలు గూడ ఆ భూమిలనే ఏసుకున్నరు. ఈ దిక్కు అంత పత్తి, జొన్న. వరి అంటె నవ్వుతరు. పాటిల్ గూడ నవ్విండు. "పొలాల అమాసకు ఎడ్లను తోలుకోని వచ్చి చూస్త. మడిల పచ్చ కనబడితె భూమి మీకే. లేకుంటె గుడిసెలు పీక్కోని పోవాలె, పత్తోనికి ఇస్త" అన్నడు.

మాకు ముగ్గురికి ఇంకో జాగ లేదు అంతయ్యా. నేనంటె బిడ్డ ఇంట్ల పడి ఉంట. వాళ్లు ఎక్కడ పోతరు?

"ముందుగాల నారు పొయ్యాలె" అని పెద్ద రైతు లెక్క చెప్పిన. జంగు నన్ను శానసేపు చూసిండు. వాళ్ల బాసల నార్ అంటె ఊరట. "ఊరును ఎట్ల పోస్తవు భాయి, చెంబుతోనా?" అన్నడు. గంత నవ్వినంక తెలిసింది, నారు ఎట్ల పొయ్యాలెనో నాకు గూడ తెల్వదని. నేను గాజులోన్ని. నువ్వు రైతువు. రెండే మాటలు రాసినా సరే, గా రెండు నారు గురించి రాయి.

నీ
ఫజలు


హుజూరాబాద్ తాలూక నుంచి

ప్రియమైన ఫజలు భాయికి,

అంతయ్య దండాలు. మేము బాగ.

వడ్లు ఒక రోజు నానవెట్టు. గోనె సంచిల మండెకట్టి బరువు పెట్టు. మొలక ముక్కు తెరువంగనే చల్లాలె. ఆలస్యం చెయ్యకు.

నారుమడి పల్లంల చేసుకో. అన్ని మడులకంటె కింది మడి. నీళ్లు అక్కడ నిలుస్తయి. మా దిక్కు గట్లనే చేస్తం.

జర ఎక్కువనే పొయ్యి. మిగులుతది. మిగిలింది అమ్మద్దు. నారు అమ్మరు. ఎవలి మడి ఖాళీగ ఉన్నదో చూసి, కట్టలు ఒడ్డు మీద పెట్టి రావాలె. వాళ్లు అడుగరు, మనం చెప్పం. ఇది మా రివాజు.

ఊరును పొయ్యుడు మంచిగున్నది. బుచ్చవ్వకు చెప్పిన. నవ్వింది.

నీ దోస్తు
అంతయ్య


ఇచ్చోడ,
మిరుగం కార్తె

ప్రియమైన పంతులు అంతయ్యకు,

నీ శిష్యుడు ఫజలుద్దీన్ సలాం. నారు పోసినం. కింది మడిలనే పోసినం. మొలక లేచింది. రోజు పొద్దుగాల ముగ్గురం పోయి ఒడ్డు మీద కూసోని చూస్తం, చంటి పిల్లను చూసినట్టు.

నారు ముచ్చట ఇంకా ఒడువలే. గంగుబాయి గుడిసె కాడ నిలవడి, "నారు మంచిగ ఎదిగినంక పీకి, వేరే మడిల నాటాలె" అన్న. ఆమె చేతుల చాట కింద పడ్డది. వాళ్ల పాటలల్ల నార్ అంటె ఆడిదట. "ఆడోల్లను పీకి ఇంకోకాడ నాటుడు మాకు కొత్త గాదు దాదా, పెండ్లి అంటె గదే గదా" అన్నది. జంగు భార్య నవ్వి నవ్వి ఏడ్సింది. నాకు మాత్రం నవ్వు రాలే. షాహిదాను గీడికి పంపిననాడు యాదికొచ్చింది.

ఇగ నన్ను అడిగిన్రు, మీ తురకంల ఏందని. మసీదుల మౌల్వీసాబ్ చెప్పిన మాటే చెప్పిన. నార్ అంటె నిప్పు, దోజఖ్ల, అంటె నరకంల, మండేది. జంగు నారుమడి దిక్కు చూసి, "అయితె నీళ్లు నిండుగ పెట్టు భాయి" అన్నడు.

ఒక్కటే మాట చూడు. ఒకనికి ఊరు, ఒకామెకు ఆడిది, నాకు నిప్పు, నీకు పచ్చటి మడి. నలుగురు నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఒకే అరుగు మీద కూసున్నట్టున్నది.

అంతయ్యా, ఒకసారి రా. ఇన్నేండ్లాయె ఊరు ఇడిసి, నీ మొఖం చూడలే. నాట్లనాడు నువ్వు ఒడ్డు మీద ఉంటె సాలు. మాట్లాడకు, ఉండు.

నీ
ఫజలు


హుజూరాబాద్ తాలూక

ప్రియమైన ఫజలు భాయికి,

ఉత్తరం అందింది. ఇంట్ల అందరికి సదివి ఇనిపించిన.

నేను రాలేను. బస్సుల మనుషులు పక్కన కూసోని యాడికి పోతున్నవు, ఎందుకు పోతున్నవు అని అడుగుతరు. గోదారి అవుతలి బాస నాకు రాదు. ఇవుతలిదే సరిగ రాదు.

నారు ఎర్రబడితె నీళ్లు తీసి మళ్ల పెట్టు.

నీ దోస్తు
అంతయ్య


ఇచ్చోడ,
ఆరుద్ర కార్తె

ప్రియమైన అంతయ్యకు,

సలాం. ఈ ఉత్తరం సదివి నువ్వు పరేషాన్ కావద్దు. ముందుగాలనే చెప్తున్న.

నారు పోయింది.

వాన ఇడువకుంట కొట్టింది. ఒర్రె పొంగింది. ఇక్కడి నల్లరేగడి మీ ఎర్రమట్టి తీరు కాదు, నీళ్లను తాగది, ఇడువది. కింది మడి చెరువైంది. నీళ్లు తీసినంక చూస్తె, నారంత మురిగి నేలకు అంటుకున్నది. చేతుల పట్టుకుంటె జారిపోయింది. జంగు మోకాలు లోతు బురదల నిలవడి, "మా దిక్కు వానకు ఎత్తున్న మీది మడిలనే ఏసేది ఉండె, నాకు గూడ తోచలే" అన్నడు. నువ్వు దిల్ల పెట్టుకోకు. నువ్వు నీ నేలను చూసి చెప్పినవు. నేను నా నేలను చూడకుంట ఇన్న. ఇద్దరం ముసలోల్లమే.

మళ్ల నారు పోద్దామంటె విత్తనాలు లెవ్వు, కొననీకి పైసలు లెవ్వు. ఈ దిక్కు ఇంకెవలు వరి ఏస్తరు, ఎవల కాడ నారు ఉంటది? పాటిల్ మనిషి వచ్చి చూసి పోయిండు. నవ్విండు.

గంగుబాయి గుడిసె మీది కప్పు గడ్డి ఇప్పటి సంది పీకుతున్నది. "మళ్ల కొనుడు ఎందుకు, ఇదే మోసుకపోత" అంటది. ఎటు పోతవని అడిగితె ఒర్రె అవుతలికి చెయ్యి చూపిస్తది. అటు అడివే ఉన్నది.

జంగు నిన్న ఒక మాట అన్నడు. "నిజంగనే ఊరు పోసినం భాయి. ఊరే మురిగింది." గా మాట ఇంక నేను ఎవలికి చెప్పలే. నీకు రాస్తున్న.

అందరం కొత్త జాగ కోసం తిరుగుతున్నం. దొరికినంక రాస్త. అప్పటిదాక రాయకున్నా ఫికర్ చెయ్యకు.

నీ
ఫజలు


ఇచ్చోడ,
పుష్యాల కార్తె

ఓరి అంతిగా,

ప్రియమైన అని రాయ. ఈసారి రాయ. సలాం గూడ లేదు.

నెల రోజులు కావస్తుంది, నీ నుంచి కార్డు ముక్క లేదు. కోపమొచ్చిందనుకున్న, పానం బాగలేదనుకున్న. అడుగుదామని కార్డు కొన్న గూడ.

మొన్న అంగడినాడు మేము ముగ్గురం జాగ చూడనీకి గుడిహత్నూరు దిక్కు పోయినం. దొరుకలే. పొద్దుమీకె యాల్ల ఏడుపు మొఖాలేసుకోని వస్తున్నం. గంగుబాయి ముంగట నడుస్తున్నది. ఒడ్డు మీదికి ఎక్కి, అక్కడనే ఆగిపోయింది. ఎనుక జంగు. వాడు గూడ ఆగిండు. పామనుకున్న నేను.

ఒడ్డు పొడుగుత నారు కట్టలు. ఈ కొస నుంచి ఆ కొస దాక. కాళ్లు నీళ్లల్ల పెట్టి, తలలు పైకి ఉంచి, వరుసగ నిలవెట్టి ఉన్నయి. పచ్చగ. జంగు దగ్గరికి పోయి ఒక్క ఆకు ముట్టి చూసిండు. గంగుబాయి మాత్రం కొంగు నోట్ల కుక్కుకోని కూసున్నది. వాళ్ల బాసల ఒక మాట ఉన్నది, "ఊర్ భరూన్ ఆలా" అని. ఆమె గదే అన్నది. ఊర్ అంటె వాళ్లకు రొమ్ము. గుండె నిండింది అనుడు అన్నట్టు. నాకు తెలుగే ఇనవడ్డది. ఊరు నిండింది అని.

ఎవలు పెట్టిన్రు? చుట్టుపక్కల వరి లేదు. ఆకాశం నుంచి కట్టలు కట్టుకోని రావు గదా. అప్పుడు కట్టును చూసిన. మా దిక్కు ఏదన్న కట్టాలంటె మోదుగు నార. ఇవి తాటి నారతోని కట్టి ఉన్నయి. ఇచ్చోడల తాడిచెట్టు ఏడున్నది? ముడి గూడ చూసిన. ఎడమచేతి ముడి. బడిల పంతులు నీ ఎడమచేతి మీద ఎన్నిసార్లు కొట్టిండో నాకెరుకే.

నా గడప దాక వచ్చి, నా ఇంట్ల చాయ తాగకుంట పోయినవా? షాహిదా మూడు రోజుల సంది నీ మీద అలిగి ఉన్నది. "మామ వచ్చి నన్ను చూడకుంట పోయిండా" అని నన్ను తిడుతున్నది.

మీ రివాజు నాకెరుకే, నువ్వే రాసినవు. గానీ నేను గాజులోన్ని, రైతును గాదు. నేను అడుగుత. గా గడ్‌బడ్ సాలు, పోలీస్ యాక్షన్ అయినప్పుడు, నన్ను, నా పెండ్లాన్ని, షాహిదాను నీ వడ్ల గుమ్మి ఎనుక దాచినవు. ఇయ్యాల్టి దాక ఒక్క మనిషికి చెప్పలే. అప్పుడు గూడ అన్నం గిన్నె తెచ్చి అక్కడ పెట్టి, మొఖం చూడకుంట పోతుంటివి. నీకు ఇది అలవాటైంది.

తెల్లారి నాట్లు ఏసినం. ఇచ్చోడ నుంచి ఆడోల్లు పిలువకుంటనే వచ్చిన్రు. మూడు బాసల పాటలు ఒక్క మడిల పాడిన్రు, ఒకల పాట ఒకలకు రాదు. ఒంగినప్పుడు మాత్రం అందరు కలిసే ఒంగిన్రు.

జవాబు రాయి. నువ్వేనా?

ఫజలు


హుజూరాబాద్ తాలూక

ప్రియమైన ఫజలు భాయికి,

మేము బాగ.

నారు వెట్టినోని పేరు అడుగద్దు. నాకు తెల్వది.

నాట్లు ఏసినంక ఏడెనిమిది రోజులు నీళ్లు పలుచగ ఉంచు. ఒర్రె దిక్కు ఒడ్డు జర ఎత్తు చెయ్యి. అక్కడ తక్కువున్నది.

అంతయ్య


ఇచ్చోడ,
దీపావళి దాటినంక

ప్రియమైన నా దొంగ దోస్తుకు,

వేల వేల సలాములు. వరి కోసినం. మెదలు కట్టి కల్లంల కొట్టినం. నీకు పంపిన సంచి అందిందా? అవి మొదటి కోత బియ్యం. నేను తినక ముందు నీకు పంపిన, వదినె వండి పెడితె తిను.

పొలాల అమాసనాడు పాటిల్ ఎడ్ల కొమ్ములకు రంగులేసి, మెడకు గంటలు కట్టి తోలుకోని వచ్చిండు, ఎనుక ఊరంత. మడి చూసిండు. ఒడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచిండు. ఎడ్లు వరి దిక్కు మెడలు సాపితె వాటిని అదిలిచ్చిండు, "గది మీది గాదు" అని. ఇగ మమ్ములను చూసి, "ఉండుండ్రి" అన్నడు. గంతే. ఇంకో సంవత్సరమా, ఎన్ని సంవత్సరాలా అని గంగుబాయి అడిగింది. "నాట్లేసినన్ని రోజులు" అన్నడు. ఆమె అదే రోజు గుడిసె మీద కొత్త గడ్డి కప్పింది. పీకింది మళ్ల కప్పలే.

ఇప్పుడు అసలు ముచ్చట. "నాకు తెల్వది" అని రాసినవు. మరి మా ఒడ్డును ఎట్ల చూసినవు? ఒర్రె దిక్కు తక్కువున్నదని ఎట్ల ఎరుక? కార్డు సదివి ఆనాడే నవ్విన. గానీ మిగిలింది నిన్ననే తెలిసింది. కోతలైనంక చౌరస్తల హోటలాయనకు కొత్త బియ్యం ఇచ్చిన. ఆయన, "ఇగ చెప్పొచ్చు అనుకుంట" అని చెప్పిండు.

అంగడినాడు ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుకు గోనె సంచులు తీస్కపోయే లారీ ఆగిందట. తలపాగ చుట్టుకున్న ముసలాయన దిగిండట, మోకాళ్ల దాక తడి. చౌరస్త నడుమ నిలవడ్డడట. మనుషులు అటు ఇటు నుంచి దాటిపోతున్నరట. తర్వాత ఒక కట్ట చేతుల పట్టుకోని, "నారు" అన్నడట. ఎవలు ఇనలే. అంగడి లొల్లి. ఇగ కట్టను తల మీదికి ఎత్తి, గొంతు చినిగేటట్టు ఒర్రిండట. "నారు. నారు."

మరాఠీ పెద్దమనిషి ఒకాయన ఉరికి వచ్చి, "ఆడిమనిషి తప్పిపోయిందా తాతా" అని భుజం పట్టుకున్నడట. ఇద్దరు గోండోల్లు, "ఏ నార్, ఏ నార్" అని ఊరి పేరు అడిగిన్రట. మా మసీదు కాడి ముసలాయన నార్ అనంగనే లేచి హోటల్ పొయ్యి దిక్కు చూసిండట. నువ్వేమో కట్టను ఇంక పైకి ఎత్తుతున్నవు. ఆఖరుకు అందరు మాటను ఇడిసిపెట్టి నీ చేతి దిక్కు చూసిన్రట. చెయ్యి పొడుగుత నీళ్లు కారుతున్నయట. మా మడి మురిగిన సంగతి అంగడంతకు ఎరుకే. "ఒర్రె కాడి ముగ్గురికి" అని ఎవలో అన్నరట.

ఇగ లారీల నుంచి కట్టలు దించుడు మొదలైంది. కూరగాయలు అమ్మేటోల్లు గంపలు ఉత్తయి చేసి ఇచ్చిన్రు. మిరపకాయలు కొననీకి వచ్చినోల్లు తల మీద నారు ఎత్తుకున్నరు. ముంగట నువ్వు, ఎనుక అంగడి. ఒడ్డు మీద వరుస నువ్వే పెట్టినవట, ఎవల్ని ముట్టనియ్యకుంట. అయినంక అందరి దిక్కు తిరిగి, మూతి మీద ఏలు వెట్టినవట.

గా సైగ మాత్రం నాలుగు బాసలోల్లకు ఒక్కతీరే అర్థమైంది అంతయ్యా. నాట్లకు పిలువకుంట వచ్చిన ఆడోల్లు గూడ గా అంగడోల్లే. పండుగ పోయింది, కోత పోయింది, ఒక్కలు నోరు ఇప్పలే. షాహిదా అలిగింది నీ మీద గాదు ఇప్పుడు, ఇచ్చోడ మీద.

ఇంకొకటి. ఒర్రె పక్కన ఇప్పుడు ఇంకా గుడిసెలు పడుతున్నయి. మునుపు నవ్వినోల్లే "వచ్చేసారి మాకు గూడ నారు పొయ్యి" అంటున్నరు. జనాల పేర్లు రాసుకునేటాయన వచ్చి ఈ జాగ పేరేందని అడిగిండు. జంగు చెప్పిండు. "నార్." రాసుకోని పోయిండు.

ఎవలికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోనీ. నాకు మాత్రం నిప్పు ఇగ యాదికి రాదు. చౌరస్త నడుమ నిలవడి ఒర్రిన నా దోస్తే యాదికొస్తడు.

నీ
ఫజలు


హుజూరాబాద్ తాలూక

ప్రియమైన ఫజలు భాయికి, షాహిదా బిడ్డకు,

బియ్యం అందినయి. బుచ్చవ్వ వండింది. తిన్నం. మంచిగున్నయి.

ఇంక చాటున ఉంచుడు ఎందుకు. రాస్త. నేను ఇంత పొడుగు ఎన్నడు రాయలే. తప్పులుంటె సర్దుకో.

నారు పోయిందని నీ ఉత్తరం వచ్చిననాడు నాకు అన్నం పోలే. కింది మడి అన్నది నేను. నీ నేల నేను చూడలే. చూడకుంట చెప్పిన.

నా మడిల నారు ఉన్నది. నీకు సరిపోదు. బుచ్చవ్వ, "ఊర్ల అడుగు" అన్నది. నారు అడుగద్దు గదా. అడుగలే. నీ ఉత్తరం పట్టుకోని ఒక్కొక్కల గడప ముంగట నిలవడి సదివిన. ముందుగాల గొంతు రాలే. రెండో ఇంటి కాడ వచ్చింది. గంగుబాయి గడ్డి పీకే కాడ ఆడోల్లు ఆపిన్రు. మళ్ల సదువుమన్నరు. "ఇది మన గాజుల ఫజలన్న రాసిందేనా" అన్నరు. యాదవ్వ తన చెయ్యి చూపిచ్చింది. ఆమె పెండ్లికి గాజులు ఏసింది నువ్వేనట. ఆమె ఒక్కతే గాదు. మా ఊర్ల నువ్వు చెయ్యి పట్టి గాజులు ఎయ్యని ఆడిబిడ్డ లేదు. తెల్లారి మడులల్ల అందరు ఒంగి ఉన్నరు. నేను తాటి నార చీల్చి ఇచ్చిన, కట్టిన. గంతే. పెట్టింది నేను ఒక్కన్ని గాదు. అందుకే తెల్వదన్న.

లారీల సంచుల నడుమ కూసున్న. దారి పొడుగుత కట్టల మీద నీళ్లు చల్లిన. గోదారి చూసిన. పెద్దగున్నది. ఎవలు ఏం అడుగలే.

మీ చౌరస్తల భయమైంది. వాపస్ పోదామనుకున్న. కట్టలు వాడుతున్నయి. అందుకే ఒర్రిన.

ఒడ్డు మీద పెట్టినంక నీ ఇంటి దాక వచ్చిన. తలుపుకు గొళ్లెం ఉన్నది. షాహిదా నీళ్లకు పోయిందన్నరు. జరసేపు అరుగు మీద కూసున్న. నువ్వు ఎదురైతె ఏడుస్తవు. నువ్వేడిస్తె నేను ఏడుస్త. బస్సు వచ్చింది, ఎక్కిన.

బుచ్చవ్వ ఈ నడుమ నన్ను ఏమంటదంటె, చౌరస్తల మాట్లాడినోడు ఇంట్ల గూడ మాట్లాడొచ్చు గదా అంటది. జర మాట్లాడుతున్న.

వచ్చే మిరుగానికి నారు పోసేటప్పుడు వస్తం. నేను, బుచ్చవ్వ, యాదవ్వ ఇంకా కొందరు. ఎత్తున్న మీది మడి చూసి చెప్త ఈసారి. అంగడినాడే వస్త. ఇంట్ల ఉండు, యాడికి పోకు. షాహిదా బిడ్డను చాయ పెట్టమను.

నువ్వు ఎదురు రాకున్నా సరే. చౌరస్తల దిగి గట్టిగ ఒర్రుత. ఒక్క మాటే వస్తది నాకు. మీ దిక్కు గది సాలుతది.

నీ దోస్తు
అంతయ్య